ఆగస్టులో ఘాంఘరియా, పూల లోయ: అత్తగారితో, 13 ఏళ్ల బాబుతో 6 రోజుల్లో అయ్యే పనేనా?

కృష్ణలంక_కుటుంబం

అందరికీ నమస్కారం. ఆగస్టు రెండో వారంలో ఉత్తరాఖండ్ ఘాంఘరియా వెళ్లి పూల లోయ, హేమకుండ్ సాహిబ్ (కొండపైన సరస్సు గట్టున ఉన్న సిక్కుల గురుద్వారా) రెండూ చూడాలనుకుంటున్నాం. వీలైతే బదరీనాథ్ కూడా. మేం నలుగురం: నేను, మావారు, 13 ఏళ్ల బాబు, మా అత్తగారు. ఆవిడకి 61. బీపీకి మాత్ర వాడతారు. రోజూ 3 కి.మీ. నడుస్తారు కానీ మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు నొప్పంటారు. బాబుకి ఘాట్ రోడ్డు పడదు, వాంతులవుతాయి.

వేసుకున్న ప్లాన్ ఇది. మధ్యాహ్నం 12కి డెహ్రాడూన్‌లో విమానం దిగి, ఆ రాత్రికే జోషీమఠ్ చేరడం. రెండో రోజు ఘాంఘరియా. మూడో రోజు పూల లోయ. నాలుగో రోజు హేమకుండ్ ఎక్కి, దిగి, అదే రోజు కింద రోడ్డు మీదున్న గోవింద్‌ఘాట్ వచ్చేయడం. ఐదో రోజు బదరీనాథ్. ఆరో రోజు సాయంత్రం 5కి తిరుగు విమానం.

ఇది జరిగే పనేనా? అత్తగారిని గుర్రం మీద పంపొచ్చా, హెలికాప్టర్ మంచిదా? బూట్లు, రెయిన్‌కోట్లు ఎలాంటివి కొనాలి? టికెట్లు ఇంకా తీయలేదు, మార్చుకోవడానికి వీలుంది.

అలకనంద_గట్టు

టికెట్లు తీయకముందే అడిగి మంచి పని చేశారండీ. ఈ ప్లాన్ మొదటి రోజే దెబ్బతింటుంది.

రిషికేశ్ నుంచి జోషీమఠ్ 250 కి.మీ. దూరం. మన హైవే లెక్కలో 5 గంటలు, అక్కడ 9 నుంచి 11 గంటలు. విమానాశ్రయంలో 1కి కారెక్కితే రాత్రి 11 దాటినా చేరరు. పైగా ఆ కొండదారిలో రాత్రిపూట బండ్లు తిరగనివ్వరు, ఎక్కడో ఒక చెక్‌పోస్టు దగ్గర ఆపేస్తారు. కాబట్టి మొదటి రోజు దేవప్రయాగ మీదుగా శ్రీనగర్ వరకే వెళ్లండి. ఇది గఢ్వాల్ శ్రీనగర్, కాశ్మీర్‌ది కాదు. సాయంత్రం 6 లోపు చేరిపోతారు. వెలుతురుంటే ఇంకో 33 కి.మీ. వెళ్లి రుద్రప్రయాగలో పడుకోవచ్చు. రెండో రోజు తెల్లవారుజామున 5:30కి బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకి జోషీమఠ్‌లో ఉంటారు. ఇప్పుడు దాన్ని జ్యోతిర్మఠ్ అంటున్నారు, బోర్డుల మీద రెండు పేర్లూ కనిపిస్తాయి. ఆ రోజు ఇక ముందుకు పోవద్దు. జోషీమఠ్ దాదాపు 1,900 మీటర్ల ఎత్తు. ఒక రాత్రి అక్కడ పడుకుంటే ఒంటికి ఎత్తు కాస్త అలవాటవుతుంది.

తెల్లవారుజామునే బయల్దేరమనడానికి ఇంకో కారణం ఉంది. ఆగస్టులో ఆ దారిలో కొండచరియలు పడటం మామూలే. శ్రీనగర్, రుద్రప్రయాగల మధ్య సిరోబగడ్, ఇటు పీపల్‌కోటి దాటాక పాగల్ నాలా పేరుపడ్డ చోట్లు. చరియ పడితే జేసీబీ వచ్చి తీసేదాకా రెండు గంటలు ఆగొచ్చు, పూటంతా ఆగొచ్చు. పొద్దున్నే వెళ్తూ ఇరుక్కుంటే దారి తెరిచాక ఊరు చేరడానికి వెలుతురు మిగులుతుంది. సాయంత్రం ఇరుక్కుంటే కారులోనే పడుకోవాలి. బండిలో 4 లీటర్ల నీళ్లు, బిస్కెట్లు, అరటిపళ్లు ఎప్పుడూ ఉండాలి. రాళ్లు రాలుతున్న చోట దిగి ఫొటోలు తీయడం, ఆగిన లారీల పక్కన కొండవైపు నిలబడటం అస్సలు వద్దు.

బాబుని ముందు సీట్లో కూర్చోబెట్టండి. ప్రయాణానికి గంట ముందు అవోమిన్ లాంటి మాత్ర పనిచేస్తుంది. పిల్లల మోతాదు మీ డాక్టర్ని అడిగి రాయించుకోండి, దానితో నిద్ర వస్తుంది. ఖాళీ కడుపుతో ఎక్కించినా వాంతులే, పూరీ తినిపించి ఎక్కించినా వాంతులే. రెండు ఇడ్లీలంత తిండి చాలు. దారిలో ఇడ్లీ దొరకదు, బ్రెడ్డో అటుకులో పెట్టండి.

ఇక రోజుల లెక్క. లోయ ఒక్కటే అయితే 7 రోజులు, లోయతో పాటు హేమకుండ్ కూడా కావాలంటే 8. రెండింటిలోనూ ఒక రోజు ఖాళీ కలిపే చెప్తున్నాను. ఐదో రోజు బదరీనాథ్‌లో ఉండి ఆరో రోజు సాయంత్రం 5కి డెహ్రాడూన్‌లో విమానం ఎక్కడం దారి అంతా తెరిచి ఉన్నా కష్టమే, వానాకాలంలో దాని మీద ఆశ పెట్టుకోకండి.

యాత్రా రిజిస్ట్రేషన్ ఉత్తరాఖండ్ పర్యాటక శాఖ సైట్లో ముందే చేసుకోవాలి. బదరీనాథ్‌కే కాదు, హేమకుండ్‌కి కూడా అందులో విడిగా టిక్ పెట్టాలి. నలుగురి ఆధార్ ప్రింట్లు కాగితం మీదే ఉంచుకోండి. ఫోన్లో చూపిద్దామంటే ఆ వేళకి సిగ్నలో చార్జో ఉండదు.

వైజాగ్_ఫిజియో

అత్తగారి మోకాలి గురించి రాస్తాను. మీరు రాసినదాంట్లో అన్నిటికన్నా ముఖ్యమైన మాట «మెట్లు దిగేటప్పుడు» అన్నది. అందరూ ఎక్కడం గురించి భయపడతారు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కూర్చుంటే పోతుంది. మోకాళ్లు దెబ్బతినేది దిగేటప్పుడు. ఒంటి బరువుకి రెండు మూడింతల భారం మోకాలిచిప్ప మీద పడేది అప్పుడే.

దారి ఇలా ఉంటుంది. గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా 4 కి.మీ. షేర్ జీపులో వెళ్తారు. నడక పుల్నా నుంచి ఘాంఘరియా వరకు, సుమారు 10 కి.మీ. గోవింద్‌ఘాట్ 1,800 మీటర్ల ఎత్తు, ఘాంఘరియా 3,049. అంటే ఒక్క రోజులో 1,200 మీటర్లు పైకి వెళ్తారు, అందులో కొంత జీపు మోస్తుంది. దారంతా రాళ్లు పరిచిన బాట, వెడల్పుగానే ఉంటుంది. సగం దారిలో భ్యూండార్ ఊరు, దాని తర్వాత లక్ష్మణ గంగ మీద వంతెన. వంతెన దాటాక చివరి 3 కి.మీ. నిటారు. బాగా నడిచేవాళ్లకి 4 గంటలు, ఆవిడ వయసువాళ్లకి 6 నుంచి 7.

అందుకే నా సలహా: ఎక్కేటప్పుడు పుల్నా నుంచి వంతెన దాకా నడిపించండి, ఓపిక ఉంటేనే. చివరి నిటారుకి కంచరగాడిద మాట్లాడండి. అక్కడ «ఖచ్చర్» అని అడగాలి. సగం దారిలో ఖాళీది దొరకకపోవచ్చు కనుక పుల్నాలో కౌంటర్ దగ్గరే చీటీ తీసుకుని, ఆవిడ నడుస్తుంటే జంతువుని వెంట నడిపించమనడం నయం. రేటు బోర్డు మీద ఉంటుంది. చీటీ లేకుండా బేరమాడితే పైన చేరాక గొడవ.

మీద కూర్చున్నప్పుడు ఎక్కుతుంటే ముందుకి వంగాలి, దిగుతుంటే వెనక్కి వాలాలి. రికాబులో పాదం ముందు సగమే ఉండాలి, మడమ కిందికి దించి పెట్టాలి. పాదమంతా దూర్చితే జారిపడినప్పుడు ఇరుక్కుపోతుంది. చీర వద్దు, చుడీదార్ గానీ ప్యాంటు గానీ వేసుకోమనండి. దిగేటప్పుడు తడి రాళ్ల మీద జంతువు కాళ్లు జారుతుంటాయి, కూర్చున్నవాళ్ల నడుము కుదేలవుతుంది. కాబట్టి దిగేరోజు కండీయే నయం. కండీ అంటే ఒక మనిషి వీపున కట్టుకుని మోసే బుట్ట. బరువెక్కువ ఉంటే నలుగురు మోసే డోలీ ఉంది.

నడిచేవాళ్లకి ఒక్క జాగ్రత్త: జంతువులు ఎదురొచ్చినప్పుడు ఎప్పుడూ కొండవైపు ఒదిగి నిలబడాలి. లోయవైపు నిలబడితే దాని వీపు మీది గ్యాస్ సిలిండరో సంచో భుజానికి తగిలి తోసేస్తుంది. బాబుకి ఇది పుల్నాలోనే గట్టిగా చెప్పండి.

హెలికాప్టర్ గోవింద్‌ఘాట్ నుంచి ఘాంఘరియాకి ఐదారు నిమిషాల ప్రయాణం. మబ్బు లోయలోకి దిగితే ఎగరదు, ఆగస్టులో మబ్బు దిగడం రోజూ ఉండేదే. దొరికితే ఎక్కండి, దాని మీద ప్లాన్ కట్టొద్దు. పైగా కింద నుంచి ఒక్కసారిగా 3,000 మీటర్లకి తీసుకెళ్లి దింపుతుంది, ఆ రాత్రి తలనొప్పి ఎక్కువగా వచ్చేది అలా వెళ్లినవాళ్లకే.

చేతికర్రలు ఆవిడకి రెండు కొనండి, ఒకటి కాదు. దిగేటప్పుడు రెండు కర్రలూ ముందు ఆనించి, తర్వాత అడుగు వేయాలి. కర్ర పొడవు చదును నేల మీద మోచెయ్యి 90 డిగ్రీలు వంగేంత, దిగేటప్పుడు 5 నుంచి 10 సెం.మీ. పొడిగించాలి. ఈ రెండు నెలలూ మేడ మెట్లు దిగడం రోజుకి 10 అంతస్తుల దాకా మెల్లగా పెంచండి, కర్రలతోనే. నొప్పి పెరిగితే అక్కడే ఆపి డాక్టర్‌కి చూపించండి.

అలకనంద_గట్టు

పైన చెప్పిందానికి ఇంకో మాట కలుపుతాను, బీపీ గురించి. బీపీ మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి. ఎత్తుకి వేసుకునే ఎసిటజోలమైడ్ కూడా అదే చేస్తుంది. రెండూ కలిస్తే ఒంట్లో నీరు తగ్గి కళ్లు తిరుగుతాయి. సల్ఫా మందులు పడనివాళ్లకి అది కుదరకపోవచ్చు. అందుకని ఆ మాత్ర మీరే కొని వేయకుండా, బీపీ చూసే డాక్టర్‌నే అడగండి. ఘాంఘరియాలో పీల్చే గాలిలో మనకందే ప్రాణవాయువు విజయవాడలో అందేదానిలో 70 శాతమే, హేమకుండ్ దగ్గర 60 శాతానికి దగ్గర. అక్కడ తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం ఈ మూడూ కలిసొస్తే అది అలసట అనుకోవద్దు. ఇంకా పైకి పోకూడదు. విశ్రాంతి ఇచ్చాక తగ్గకపోతే, నడకలో తూలితే, కూర్చున్నా ఆయాసం ఆగకపోతే రాత్రయినా సరే కిందికి దింపాలి. 500 మీటర్లు దిగితేనే తేడా తెలుస్తుంది.

లోయలోకి వెళ్తే పూల వాసనకి మత్తొస్తుందని అక్కడ చెప్తారు. ఆ తల తిరుగుడు ఎత్తు వల్లా, సరిగ్గా నీళ్లు తాగకపోవడం వల్లా వచ్చేది. మనిషికి రోజుకి 3 లీటర్లు తాగించండి.

సంచి_భుజాన

బూట్లు, వాన గురించి నేను చెప్తాను.

బూట్లు ఇప్పుడే కొనండి, ఆగస్టు 1న కాదు. కొత్త బూట్లతో పుల్నా దగ్గర నడక మొదలుపెడితే భ్యూండార్ చేరేసరికి మడమ మీద బొబ్బ లేస్తుంది. కనీసం 50 కి.మీ. వాటితో నడిచి ఉండాలి. సాయంత్రం పూట కొనండి, అప్పుడు పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. మందపాటి సాక్సు వేసుకుని, పాదాన్ని ముందుకి తోసి, మడమ వెనక చూపుడు వేలు దూరుతుందేమో చూడండి. అడుగున గాట్లు 4 మి.మీ. లోతు ఉండాలి. ఆ బాట మీద వాననీళ్లూ జంతువుల పేడా కలిసి రాళ్ల మీద జిగురులా పట్టి ఉంటాయి. మామూలు స్పోర్ట్స్ షూ అడుగు దాని మీద నిలవదు. కాలిగోళ్లు బయల్దేరే రెండు రోజుల ముందు కత్తిరించుకోండి. దిగేరోజు చీలమండ దగ్గర లేసు బిగించి కట్టాలి, వేళ్ల దగ్గర వదులుగా. అలా కట్టకపోతే పాదం ముందుకి జారి బొటనవేలి గోరు నల్లబడుతుంది, తర్వాత నెలకి ఊడిపోతుంది.

వానకి ఒంటి మీదా సంచి మీదా కలిపి కప్పే పోంచో తీసుకోండి. కోటు వేసుకుంటే సంచి తడుస్తుంది, సంచి కవరు వేసినా వీపువైపు నుంచి నీరు దిగుతుంది. అందుకే అసలు రక్షణ సంచి లోపల ఉండాలి: చెత్తబుట్టకి వేసే మందపాటి నల్ల కవరు సంచి లోపల పరిచి, బట్టలు అందులో పెట్టి మూతి మెలిపెట్టి కట్టేయండి. పది రూపాయల పని, ఇంతకన్నా నమ్మకమైనది లేదు. పోంచోకి ఒక చిక్కుంది, గాలి వీస్తే ఎగురుతుంది. హేమకుండ్ రోజున నడుముకి ఒక తాడు కట్టుకోండి.

జీన్సు, నూలు బనీన్లు ఇంట్లోనే వదిలేయండి. తడిస్తే ఘాంఘరియాలో ఆరవు. ఎండ సరిగ్గా రాదు, గదిలో కూడా గాలి చెమ్మే. గంటలో ఆరే పాలియెస్టర్ బట్టలు రెండు జతలు నడకకి, ఒక జత రాత్రికి. ఆ రాత్రి జత ఏం జరిగినా బయట వేసుకోకూడదు. రాత్రి 5 నుంచి 8 డిగ్రీలుంటుంది, పొడిబట్ట ఒక్కటి మిగిలితే చాలు నిద్ర పడుతుంది. స్వెటర్ ఒకటి, సన్నని జాకెట్ ఒకటి, టోపీ, చేతి తొడుగులు. తడిసిన బూట్లలో పాత దినపత్రిక ఉండలు చేసి కుక్కి పడుకోండి, రెండు గంటలకి ఒకసారి మారిస్తే తెల్లారేసరికి వేసుకునేట్టుంటాయి.

ఇంకోటి. బాట పక్కన కొన్నిచోట్ల చేమంతాకులా అంచులు కోసుకుపోయినట్టుండే మొక్క మోకాలెత్తు పెరుగుతుంది, ఆకు మీద సన్నని తెల్ల నూగు కనిపిస్తుంది. బిచ్చూ ఘాస్ అంటారు, తేలుగడ్డి అని అర్థం. జారినప్పుడు పక్కనున్న మొక్కని పట్టుకోవడం చేతికి అలవాటు. దాన్ని పట్టుకుంటే మన దురదగొండిని మించి మంట, గంటల తరబడి. రుద్దకండి, నీళ్లతో కడిగి వదిలేయండి.

కృష్ణలంక_కుటుంబం

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ చాలా కృతజ్ఞతలు. మావారు రెండు రోజులు సెలవు పెంచుకున్నారు. ఇప్పుడు 8 రోజులు. బదరీనాథ్ వదిలేస్తున్నాం. ఖాళీ రోజు ఎక్కడ పెట్టుకోవాలి? ముందు లోయా, ముందు హేమకుండా? గదులు, తిండి, డబ్బులు ఎలా?

మొక్కల_పరిశీలన

ముందు లోయ, తర్వాత హేమకుండ్. ఇందులో రెండో ఆలోచన వద్దు. లోయలో మీరు వెళ్లేది 3,500 మీటర్ల దాకా, మళ్లీ దిగొచ్చి 3,049లో పడుకుంటారు. ఆ ఒక్క రోజు పైకెళ్లి కిందికి రావడంతో ఒళ్లు అలవాటుపడుతుంది. మర్నాడు 4,300 మీటర్ల పైనున్న హేమకుండ్ తేలికవుతుంది. తిరగేసి వెళ్తే తలనొప్పితో పడుకున్నవాళ్లకి లోయ చూసే ఓపిక ఉండదు.

ఆగస్టు రెండో వారం మంచి ఎంపిక. జూన్‌లో మంచు కరుగుతూ ఉంటుంది, పూలు తక్కువ. జులై మూడో వారం నుంచి ఆగస్టు మధ్య వరకు రకాలు ఎక్కువ. ఆ తర్వాత గులాబీ రంగు హిమాలయ గోరింట లోయ నిండా కమ్మేస్తుంది. మన పెరట్లో పూసే గోరింటపూల (బాల్సమ్) జాతే, గోరింటాకు చెట్టు కాదు. మనిషెత్తు పెరుగుతుంది. సెప్టెంబరుకి ఆకులు పసుపు తిరిగి విత్తనాలు కట్టడం మొదలవుతుంది.

ఘాంఘరియా దాటిన అరకిలోమీటరుకి దారి చీలుతుంది. ఎడమ లోయకి, కుడి హేమకుండ్‌కి. లోయ గేటు 7కి తెరుస్తారు, టికెట్ అక్కడే, నగదు ఇవ్వాలి. మధ్యాహ్నం దాటాక లోపలికి పంపరు. సాయంత్రం 5 లోపు బయటికి రావాలి. లోపల గుడారం వేయకూడదు, అంగడి లేదు, మరుగుదొడ్డి లేదు. కంచరగాడిదల్ని రానివ్వరు, కండీ మాత్రం వస్తుంది. మధ్యాహ్నం తిండి కట్టుకునే వెళ్లాలి, కవర్లన్నీ తిరిగి మోసుకురావాలి.

గేటు నుంచి అడవిలో నడిచి పుష్పావతి నది వంతెన దాటితే ఆ వెంటనే ఎక్కుడు. ఒక గంట నిటారుగా మెలికలు తిరుగుతుంది. ఇక్కడే చాలామంది ఇంతేనా అని వెనక్కి తిరుగుతారు, పూలున్నది దీని తర్వాతే. ఆ ఎక్కుడులో ఒక్క క్షణం ఆగి భూర్జ చెట్లు చూడండి. పాత గ్రంథాల్లో చదివే భూర్జపత్రం ఇదే. మాను మీద తెలుపూ లేత గులాబీ కలిసిన బెరడు ఉల్లిపొరలా పల్చగా లేచి గాలికి రెపరెపలాడుతుంటుంది. చాలామంది లాగి చింపి పేరు రాసుకుంటారు. పచ్చి బెరడు ఒలిస్తే చెట్టుకి గాయం. కింద రాలిన ముక్కని ముట్టుకుని చూస్తే సరిపోతుంది.

ఎక్కుడు అయ్యాక లోయ చదునుగా విచ్చుకుంటుంది. మరో రెండు కి.మీ. లోపలికి జోన్ మార్గరెట్ లెగ్ సమాధి ఉంది. మొక్కల సేకరణకి 1939లో వచ్చి రాతి మీద జారి చనిపోయిన వృక్షశాస్త్రవేత్త ఆవిడ. అక్కడిదాకా చూసుకుని మధ్యాహ్నం 1:30కి వెనక్కి తిరగండి. లోయ పేరు లోకానికి తెలిసింది 1931లో కామెట్ శిఖరం ఎక్కి తిరిగొస్తూ ఫ్రాంక్ స్మైత్ బృందం ఇటు దిగడంతో. 1982లో జాతీయ పార్కు అయింది, 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

హేమకుండ్ దారిలో చూడాల్సింది బ్రహ్మకమలం. మన ఇళ్లలో కుండీల్లో రాత్రిపూట పూసే తెల్లపువ్వుని బ్రహ్మకమలం అంటాం కానీ అది అమెరికా ఖండం నుంచి వచ్చిన కాక్టస్. అసలుది పగలు రాళ్ల మధ్య నేలకి అడుగెత్తులో ఉంటుంది. లేత పసుపు పచ్చ కాగితంలాంటి రేకులు దొన్నెలా మూసుకుని ఉంటాయి. అవి నిజానికి ఆకులే. లోపల ఊదారంగు ముద్దలు, అవే పూలు. ఘాటైన వాసన. 4,000 మీటర్ల పైన చివరి గంటన్నర నడకలో కనిపిస్తుంది. అదే దారిలో బండల సందుల్లో నీలి పాపీ ఉంటుంది, కాండమంతా ముళ్లు. రేకులు వానకి గంటలో రాలతాయి, పొద్దున్నే చూస్తేనే. రెండూ కోయకూడదు.

ఖాళీ రోజు ఘాంఘరియాలోనే పెట్టండి. వాన గట్టిగా పడితే అటవీశాఖ లోయ మూసేస్తుంది. అప్పుడు ఇంత దూరం వచ్చి గదిలో కూర్చుని తిరిగిపోవాలి.

అలకనంద_గట్టు

ఈ ఒక్క విషయంలో నేను ఒప్పుకోను. ఖాళీ రోజు తిరుగు దారిలో ఉండాలి. లోయ మూస్తే ఒక చూపు పోతుంది. రోడ్డు మూస్తే నలుగురి విమాన టికెట్లు పోతాయి, కింద హోటల్లో ఇరుక్కుంటారు.

8 రోజులు ఇలా పంచండి. 1: శ్రీనగర్ లేదా రుద్రప్రయాగ. 2: జోషీమఠ్. 3: ఘాంఘరియా. 4: లోయ. 5: హేమకుండ్. 6: దిగి, మధ్యాహ్నం కారెక్కి పీపల్‌కోటి. 7: రిషికేశ్. 8: సాయంత్రం విమానం. ఎనిమిదో రోజు పగలంతా మీ ఖాళీ. ఏడో రోజు దారి మూసినా ఎనిమిదో రోజు మధ్యాహ్నానికి చేరే వీలుంటుంది. నాలుగో రోజు లోయ మూస్తే ఐదో రోజున లోయకే వెళ్లి హేమకుండ్ వదులుకోండి. అంటే ఘాంఘరియాలోనూ మీకు ఖాళీ ఉన్నట్టే, రోజు ఖర్చు కాకుండా.

మొక్కల_పరిశీలన

ఈ లెక్క నాకు సమ్మతమే. పిల్లాడున్నాడు కనుక తిరుగు దారే ముఖ్యం.

సంచి_భుజాన

గదులు, తిండి. ఘాంఘరియా అంటే ఒకటే సందు. హెలిప్యాడ్ మైదానం దాటాక కిలోమీటరు దూరంలో మొదలై, రెండువైపులా లాడ్జీలు, మధ్యలో గురుద్వారా, చివర నది. చలికాలం ఊరు ఖాళీ, అందరూ కిందికి దిగిపోతారు. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ అతిథిగృహం ముందే ఆన్‌లైన్లో బుక్ చేసుకోవచ్చు. గురుద్వారాలో ఎవరికైనా చోటిస్తారు, కానీ ఆగస్టులో హాలంతా నిండి ఉంటుంది. అత్తగారికి నిద్ర ముఖ్యం కాబట్టి గది తీసుకోండి. గది చూసేటప్పుడు పరుపు కింద చెయ్యి పెట్టి చెమ్మ చూడండి, కిటికీ మూసుకుంటుందో లేదో చూడండి. కరెంటు గంటల లెక్కన, వేడినీళ్లు బకెట్ లెక్కన డబ్బు కట్టాలి.

ఏటీఎం పని జోషీమఠ్‌లోనే ముగించండి. సిగ్నల్ ఉన్నప్పుడు యూపీఐ పనిచేస్తుంది, వాన పడ్డప్పుడు సిగ్నలుండదు, మీకు గుర్రం అక్కర పడేదీ అప్పుడే. 10, 50, 100 నోట్లు ఎక్కువ ఉంచుకోండి. పవర్ బ్యాంక్ విమానంలో చేతి సంచిలోనే పెట్టాలి.

అన్నం గురించి: 3,000 మీటర్ల ఎత్తులో నీళ్లు 90 డిగ్రీలకే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో అన్నం పలుకుగా ఉండిపోతుంది. కుక్కర్లో వండిన హోటల్ ఏదో అడిగి తినండి, లేకపోతే రాత్రి కడుపులో గట్టిపడుతుంది. రొట్టె, పప్పు, రాజ్మా, ఆలూ పరాఠా దొరుకుతాయి. పెరుగు మీద ఆశ పెట్టుకోవద్దు. ఇంటి నుంచి పులిహోర పేస్టు, పల్లీ చిక్కీ, వేయించిన అటుకులు తెచ్చుకోండి. కందిపొడి సరే, ఆవకాయ కారం మాత్రం తగ్గించండి. ఆకలి తక్కువ, నీళ్లు తక్కువ తాగే చోట గుండెల్లో మంట పుడితే దాన్ని ఎత్తు జబ్బు అనుకుని కంగారు పడతారు.

కృష్ణలంక_కుటుంబం

8 రోజుల లెక్కే ఖాయం చేస్తున్నాం. చివరి ప్రశ్న. హేమకుండ్ రోజు పొద్దున లేచేసరికి వాన పడుతుంటే ఏం చేయాలి? అత్తగారిని ఆ రోజు ఎక్కడిదాకా తీసుకెళ్లాలి?

వైజాగ్_ఫిజియో

ముందు రోజు రాత్రే తేల్చుకోండి. ఘాంఘరియా చేరిన రోజూ లోయ రోజూ సాయంత్రం ఆవిడకి తలనొప్పి లేకుండా ఆకలిగా తింటే, హేమకుండ్‌కి కంచరగాడిద మీద రావచ్చు. దారి 6 కి.మీ., ఎత్తు 1,200 మీటర్ల పైనే. పైకి మాత్రమే దాని మీద. దిగేటప్పుడు కండీ. తల బరువుగా ఉందని ఒక్క మాట అన్నా ఆ రోజు ఘాంఘరియాలోనే ఉంచి, ఒకరు తోడుండండి. ఇద్దరే వెళ్లండి.

అలకనంద_గట్టు

వాన సంగతి: సన్న జల్లయితే 5కే బయల్దేరండి, ఆ దారిలో జల్లు రోజూ ఉండేదే. గట్టిగా కురుస్తుంటే 7 దాకా ఆగి చూడండి. 7:30 దాటితే ఆ రోజు వదిలేయండి. ఎందుకంటే పైకి 4 నుంచి 6 గంటలు పడుతుంది, మధ్యాహ్నం 2కి అందర్నీ కిందికి పంపేస్తారు, పైన రాత్రి ఉండనివ్వరు. ఆలస్యంగా వెళ్లి ఆయాసంతో పరిగెత్తడమే అక్కడ జబ్బుపడే దారి.

పైన గురుద్వారాలో వేడి ఖిచిడీ, టీ ఇస్తారు, తల కప్పుకుని చెప్పులు విప్పి వెళ్లాలి. పక్కనే సరస్సు గట్టున లక్ష్మణుడి గుడి ఉంది. నీటిలో మునగాలనుకుంటే వెంటనే తుడుచుకుని మార్చుకునే పొడిబట్టలు చేతిలో ఉంటేనే. ఆడవాళ్లకి వేరే మూసిన చోటుంది. బాబుని ముంచకండి, కాళ్లు కడిగిస్తే చాలు. తిరిగేటప్పుడు 1200 మెట్లు అడ్డదారిగా ఉన్నాయని ఎవరైనా చూపిస్తే అటు పోవద్దు, మెలికల బాటలోనే దిగండి. దూరం ఎక్కువే గానీ తడిసిన మెట్ల మీద కన్నా మోకాళ్లకి అదే మేలు.